కానుగ చెట్టును పువ్వడిగిన రోజు

మా ఇంటి ముందున్న కానుగ చెట్టు మున్సిపాలిటీది. దాని ఆకులు మాత్రం నావి. పెళ్ళయి రాయచూరులో ఈ ఇంటికి వచ్చిన నాటినుంచి వాటిని ఊడ్చింది నేనే కాబట్టి ఆ మాట అనే హక్కు నాకుంది. చలి తగ్గగానే పండుటాకులు రాలతాయి. హమ్మయ్య అయిపోయాయి అనుకునేలోపు పూత రాలుతుంది, వాకిట్లో ఎవరో మండక్కి గంప బోర్లించినట్టు. మండక్కి అంటే మా ఊళ్ళో మరమరాలు. ఆ పూత ఊడ్చి నడుం ఎత్తేసరికి ఎండుకాయలు టపటపా మొదలుపెడతాయి.

"రోడ్డు మీది చెట్టు, రోడ్డు మీది ఆకు. నీకెందుకే?" అనేవారు మా ఆయన. పొద్దున్నే చొక్కా టక్కు చేసుకుని రైసుమిల్లుకు లెక్కలు రాయటానికి వెళ్ళిపోయే మనిషికి ఆ మాట అనటం సులువు. వాకిలి ఊడవని ఇంటికి ఏ పేరొస్తుందో, ఆ పేరు మగవాళ్ళకు రాదు కదా.

నిజం చెప్పాలంటే ఆ చెట్టంటే నాకు కోపమూ ఉంది, అలవాటూ ఉంది. నేను ఇంట్లోనే జాకెట్లు కుడతాను. వీధివైపు కిటికీ కింద నా కుట్టుమిషను. తల ఎత్తితే కనబడేది ఆ మొద్దే. రాయచూరులో ఒక్క ఎండాకాలం గడిపినవాళ్ళెవరూ నీడనిచ్చే చెట్టును తిట్టరు. తిట్టేది నాలాగా చీపురు పట్టినవాళ్ళే. నేను వచ్చినప్పుడు అది ఇనుప జాలీలో నిలబడ్డ మొక్క. చూస్తుండగానే జాలీని మింగేసి, సగం కొమ్మలు రోడ్డుమీదికీ సగం మా మిద్దెమీదికీ చాపుకుంది. మిద్దెమీది కొమ్మలతోనే గొడవంతా వచ్చింది. ఆకులు పడి వాననీళ్ళు పోయే తూము పూడుకుపోయేది. కొమ్మ పట్టుకుని కోతులు దిగేవి. అన్నిటికంటే మించి, మిద్దెమీద ఎండ పోయింది.

ఆ ఎండ మా అత్తది. అలాగని ఎక్కడా రాసిలేదు గానీ ఇంట్లో అందరికీ తెలుసు.

శివరాత్రి వెళ్ళగానే ఆమె సండిగలు మొదలుపెట్టేది. మిగతా తెలుగువాళ్ళు వడియాలంటారు, మేము కన్నడం వాళ్ళతో పాటు సండిగలంటాము. నానబెట్టి రుబ్బిన బియ్యప్పిండిని ఒక పూట పులవనిచ్చి, పచ్చిమిరపకాయ, జీలకర్ర, ఉప్పు వేసి గంజిలా ఉడికించాలి. అది వేడిగా ఉండగానే మిద్దెమీదికి మోసుకెళ్ళి, తడిపిన పాత పంచె పరిచి, గరిటెతో చిన్న చిన్న బిళ్ళలుగా పోయాలి. ఉడికించటం నా పని, మోయటం నా పని, పంచె నాలుగు మూలలా రాళ్ళు పెట్టటం నా పని. గరిటె మాత్రం ఆమెది. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా నా చేతికి ఇవ్వలేదు. ఒకసారి నేను చేయి చాపితే, "నీ చెయ్యి జాకిట్ల మీద బాగ తిరుగుతది. ఇది వేరే," అన్నది. నేను మూతి ముడుచుకుని రాళ్ళ దగ్గరికి వెళ్ళిపోయాను. ఆమె పోసిన బిళ్ళలు అన్నీ ఒకే తల్లి పిల్లల్లా ఉండేవి, కాదనను.

అవి మా ఇంటికే కాదు. ఇద్దరు ఆడపడుచులకు, ఒకామె మహబూబ్‌నగర్‌లో, చిన్నామె ఇక్కడే కల్లూరులో. ఎండాకాలం అయ్యేలోపు చెరో డబ్బా వెళ్ళాలి. వెళ్ళేవి.

మూడేళ్ళ కిందట ఎండాకాలంలో మొదటిసారి వెళ్ళలేదు. కానుగ కొమ్మలు మిద్దెను పూర్తిగా కమ్మేశాయి. పొద్దున ఒక మూల కాస్త ఎండ, సాయంత్రం ఇంకో మూల కాస్త. అత్త పంచెను ఆ మూలనుంచి ఈ మూలకు లాగించింది నాతో. అయినా సండిగలు లోపల మెత్తగానే ఉండి బూజు పట్టాయి. బాగున్న నాలుగు కోతుల పాలయ్యాయి. ఒక ముసలి కోతి పంచె మధ్యలో పండక్కి వచ్చిన అల్లుడిలా కూర్చుని తింటుంటే, నేను కర్ర విసిరాను, అది నా వైపు చూసి ఇంకోటి తీసుకుంది. నాకు నవ్వొచ్చింది. అత్తకు రాలేదు.

ఆ నెలలోనే కల్లూరు ఆడపడుచు వచ్చింది. వాళ్ళది పొలం పక్కన ఇల్లు, మిద్దెమీద ఎండకేం కొదవ! తను పెట్టిన సండిగలు స్టీలు డబ్బా నిండా తెచ్చి అమ్మ ముందు పెట్టింది. పాపం, ప్రేమతోనే తెచ్చింది. అత్త మూత తీసి చూసి, "బాగున్నయమ్మా," అన్నది. ఆరోజు అన్నంలో నేను వేయించి వేస్తే ఆమె ముట్టలేదు. కూతురు వెళ్ళాక నాతో అన్నది, "వచ్చే ఏడు గూడ మిద్దెమీదికి ఎండ రాకుంటే నేనింక పిండి ముట్ట. కూతురే తల్లికి తెచ్చిపెట్టే కాలమొచ్చినంక ఇంకెందుకు?"

అలిగి అన్నమాట కాదది. అలిగితే ఆమె గిన్నెలు గట్టిగా పెడుతుంది, ఆరోజు మెల్లగా పెట్టింది. నాకు భయం వేసింది. ఆ డబ్బా కూడా అలాగే ఉండిపోయింది. పుట్టింటినుంచి డబ్బా ఖాళీగా తిరిగి పోకూడదు కదా. బెల్లం వేసి పంపిద్దామా అంటే వద్దన్నది, కందిపప్పు అంటే వద్దన్నది. దేంతో నింపాలో ఆమెకు తెలుసు. అటక పక్కన అరలో ఆ డబ్బా ఖాళీగా మెరుస్తూ కూర్చుంది.

మా ఆయన మున్సిపాలిటీకి వెళ్ళి చెప్పి వచ్చారు. ఊళ్ళో చెట్లు కొట్టే బండి మా వైపు వచ్చినప్పుడు తప్పకుండా కొడతామన్నారు వాళ్ళు. సరే అని వానాకాలమంతా ఎదురుచూశాము.

ఆలోపే మా అత్త ఒక పని చేసింది. మంచికే చేసింది. కొమ్మలు కిందికి వాలి చెట్టు మొదట్లో చీకటిగా ఉండేది. దారిన పోయే మగవాళ్ళకు అది చూడగానే ఎందుకో ప్యాంటు గుండీలు గుర్తొచ్చేవి. నేను కిటికీలోంచి కేకలు వేసేదాన్ని. ఒకడు "అయిపాయె, అయిపాయె" అంటూ తీరిగ్గా కానిచ్చుకుని పోయాడు. ఆ వాసనలో కూర్చుని పెళ్ళిజాకెట్లు కుట్టలేక నేను ఏడ్చినంత పని చేశాను.

ఒక మంగళవారం పొద్దున అత్త బిందెలతో నీళ్ళు తెచ్చి చెట్టు మొదలంతా కడిగింది. తూర్పువైపు మొద్దుకు అరచేతి మందాన పసుపు పూసి, మధ్యలో ఎర్రగా ఇంత కుంకుమ బొట్టు పెట్టింది. నా దగ్గర మిగిలిన ఆకుపచ్చ జాకెట్టు గుడ్డ అడిగి తీసుకుని చుట్టూ కట్టింది. కింద ఒక నున్నటి రాయి పెట్టింది.

"ఏందత్తమ్మా గిది? కానుగ చెట్టుకు ఎవరన్న బొట్టు పెడ్తరా? వేపచెట్టన్న కాదు," అన్నాను.

"నువ్వు నోరు మూసుకొని మిషిను తొక్కు. చూడు ఏమైతదో."

మధ్యాహ్నం ఒకాయన అలవాటుగా చెట్టు వైపు వచ్చాడు. చేయి సగం దాకా వెళ్ళింది. బొట్టు కనబడింది. ఆ చేయి అట్నుంచి అటే పైకి వెళ్ళి చెంపలు వేసుకుంది. కిటికీ వెనక అత్త కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. నేనూ నవ్వాను. ఆమె అలా నవ్వి చాలా రోజులైంది.

మేము నవ్వుకుంటుండగానే ఆ బొట్టు అమ్మవారై పెరిగిపోయింది. వారం తిరిగేసరికి ఎవరో బంతిపూలు పెట్టారు. తర్వాత ఊదుబత్తీలు, నిమ్మకాయలు, గాజులు. పూలమ్మే ఒకావిడ తన గంప తెచ్చుకుని రోడ్డువైపు నీడలో కూర్చుంది. ఆటోవాళ్ళు అక్కడే స్టాండు చేసుకున్నారు. పిల్లలు పరీక్షలకు పోతూ మొక్కేవారు. మా వీధికి కొత్తగా వచ్చినవాళ్ళు నాతోనే అనేవారు, ఇది చాలా పాతకాలం నాటి అమ్మట కదా అని. నాకు నాలుక చివరిదాకా వచ్చేది. పక్కన అత్త ఉంటే గిల్లేది.

ఇంక మీకు అర్థమయ్యే ఉంటుంది. శివరాత్రి తర్వాత ఒకరోజు నిచ్చెన బండీ, రంపాలూ, తాళ్ళూ వేసుకుని మున్సిపాలిటీ వాళ్ళు వచ్చారు. నేను పరుగున వెళ్ళి గేటు తీశాను. వాళ్ళ మేస్త్రీ చెట్టు చుట్టూ తిరిగి, బొట్టు ముందు ఆగి, చెప్పులు విడిచాడు.

"అమ్మా, ఇదు దేవర మర. నావు కై హచ్చల్ల," అన్నాడు. దేవుడి చెట్టు, మేము చేయి వేయం అని.

"దేవుడు లేదు, గీవుడు లేదు. ఆ బొట్టు పెట్టింది మా అత్త! అదిగో అక్కడ నిలబడ్డది, అడుగు!"

మేస్త్రీ అత్తను చూశాడు, మళ్ళీ చెట్టును చూశాడు. ఈసారి తెలుగులో అన్నాడు, "ఎవ్వరు పెడితేంది తల్లీ? ఇంతమంది మొక్కిన్రు గద. మాకూ పిల్లలున్నరు."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరిమీద మండాలో తెలియక అత్తవైపు తిరిగాను. తన చేత్తోనే తన ఎండకు అడ్డం అమ్మను కూర్చోబెట్టుకున్నానని ఆమెకు అప్పుడే తట్టినట్టుంది. గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది.

ఈలోగా జనం చేరారు. ఆటోవాళ్ళలో గడ్డం నెరిసిన ఒకాయన దగ్గరికి వచ్చి అత్తతో, "ఖాలా, పూరా నక్కో కాటో," అన్నాడు. మొత్తం కొట్టించొద్దు పిన్నీ, ఈ ఎండల్లో మాకింత నీడ ఇదొక్కటే అని బతిమాలాడు. అతనిదీ న్యాయమే. పూలామె గంపను ఇంకాస్త మొద్దు దగ్గరికి జరుపుకుంది. తర్వాత తనే అన్నది, "అక్కా, హూవు కేళోణ. అమ్మనే అడుగుదాం. ఆమె ఏమంటే అది."

పువ్వు అడగటం మా వైపు అందరికీ తెలిసిందే. పెళ్ళి సంబంధమైనా, బోరు వేయించటమైనా, ఏదీ తేలకపోతే దేవుడి ముందుకు వెళతారు. తడిపిన పూలు దేవుడికి కుడివైపొకటీ ఎడమవైపొకటీ అంటించి కూర్చుంటారు. దేవుడి కుడివైపు పువ్వు రాలితే సరేనని, ఎడమవైపుది రాలితే వద్దని. అత్త తూర్పుకే బొట్టు పెట్టింది కాబట్టి ఈ అమ్మ మొహం తూర్పుకు. అలా చూస్తే ఆమె కుడిచేతి వైపు మా ఇల్లు, ఎడమచేతి వైపు రోడ్డు.

మేస్త్రీ సరేనన్నాడు. అత్త లోపలికి వెళ్ళి స్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. నాకేసి చూసి ఒక కన్ను గీటుతుందేమో అనుకున్నాను. చూడనే లేదు. పూలామె ఇచ్చిన రెండు తెల్ల సేవంతులు నీళ్ళలో ముంచి, బొట్టుకు అటొకటి ఇటొకటి బెరడు సందులో ఆనించింది. తానే కడిగి, తానే పసుపు పూసి, తానే కూర్చోబెట్టిన అమ్మ ముందే ఆమె కొంగు చాచి మొక్కింది. అది చూసి నాకు ఏడుపు వచ్చింది. నేను కూడా చేతులు జోడించాను. ఎవరూ చూడలేదనే అనుకుంటున్నాను.

ఎంతసేపు కూర్చున్నామో! ఒక బస్సు పోయింది, నీళ్ళ ట్యాంకరు పోయింది. పువ్వులు కదల్లేదు. ఆటోవాళ్ళు సవారీలను కూడా పొమ్మన్నారు. అప్పుడు ఎడమవైపు పువ్వు మెల్లగా వాలి, రోడ్డువైపు రాలిపోయింది.

"అయ్యో," అన్నారెవరో. మేస్త్రీ తాడు చుట్టటం మొదలుపెట్టాడు.

"గాలికి పడ్డది! అది లెక్కకు రాదు!" అని అరిచాను నేను.

"గాలి యాడున్నదక్కా?" అన్నది పూలామె. నిజమే, ఆకు కదలటం లేదు. అయినా నేను వదల్లేదు. పువ్వు సరిగ్గా ఆనించలేదన్నాను, తొడిమ వంకరన్నాను, కోర్టులో ప్లీడరు కూడా అన్ని మాటలు అనడు. నేను ఇంకా అంటుండగానే కుడివైపు పువ్వు టప్పున రాలి, దొర్లుకుంటూ మా గేటు ముందు ఆగింది.

ఇంక చూడాలి. మొదట పడిందే లెక్క అని మేస్త్రీ, ఆఖర్న పడిందే లెక్క అని నేను, మళ్ళీ పెట్టాలని పూలామె. కన్నడం, తెలుగు, ఉర్దూ అన్నీ కలిసిపోయాయి, ఎవరి మాట ఎవరికీ వినబడలేదు. అత్త మాత్రం తలెత్తి చెట్టునే చూస్తోంది. రోడ్డువైపు కొమ్మలను చూసింది, మిద్దెవైపు కొమ్మలను చూసింది. తర్వాత మోకాళ్ళ మీద చేతులు ఆనించుకుని లేచింది.

"లొల్లి ఆపున్రి. మనం అడిగింది ఒక్క మాట, అమ్మ చెప్పింది రెండు మాటలు. ఎడమదిక్కు వద్దన్నది, రోడ్డు మీది కొమ్మలు ముట్టొద్దు. కుడిదిక్కు సరే అన్నది, మా మిద్దె మీదివి కొట్టున్రి. ఇందుల సమజ్ కానిది ఏమున్నది?"

అందరం ఒక్కసారి పైకి చూశాం. మేస్త్రీ కూడా చూశాడు. తాడు మళ్ళీ విప్పుతూ, "సరియాగిదె, సరిగ్గ చెప్పింది," అన్నాడు. గడ్డం ఆటో ఆయన, "బరాబర్ బోలే ఖాలా," అని తలూపాడు. ఇరవై ఏళ్ళుగా కాపురం చేస్తున్నా అత్తకు ఇంత తెలివి ఉందని నాకు తెలియకపోవటం నా తప్పే.

కొమ్మలు దిగుతుంటే ముందు నా కిటికీలోకి వెలుతురొచ్చింది. మిషను మీది నూనె మరకలు కూడా కనబడ్డాయి, సిగ్గేసింది. మర్నాడు పొద్దున అత్త గోడ పట్టుకుని ఒక్కో మెట్టే ఎక్కి మిద్దె మధ్యలో నిలబడింది. చెప్పులు విడిచి అరికాళ్ళు నేలకు ఆనించి చూసి, "కాలుతున్నది," అన్నది సంతోషంగా. ఆ వారమే బియ్యం నానబెట్టించింది. ఆ ఏటి సండిగలు గలగలలాడుతూ ఎండాయి. కల్లూరు డబ్బాను బూడిదతో తోమించి, మూత పట్టనంతగా నింపి, కూతురికి పంపింది. ఆరోజు అన్నంలో నాలుగు వేయించమని తనే అడిగింది.

పోయిన ఏడు కూడా ఎలాగో ఎక్కింది. ఈ ఏడు మోకాళ్ళు వద్దన్నాయి. రెండో మెట్టు దగ్గరే ఆగిపోయి, కాసేపు పైకి చూసింది. ఇంక ఆమె కుంగిపోతుందని నేను భయపడ్డాను. వెనక్కి తిరిగి వంటింట్లోకి వెళ్ళి, గరిటె తెచ్చి నా చేతిలో పెట్టింది. ప్లాస్టిక్ కుర్చీ తీయించుకుని రోడ్డువైపు కొమ్మల కింద, పూలామె పక్కన వేసుకుంది. కొట్టొద్దన్న ఆ కొమ్మలు ఇప్పుడు గొడుగులా ఉన్నాయి. ఆ నీడ తనకే అవసరమవుతుందని ఆరోజే అనుకుందా అని అడగబోయి ఊరుకున్నాను. అమ్మ చెప్పింది అంటుంది.

నేను పైన ఎండలో పంచె ముందు కూర్చున్నాను. మొదటి బిళ్ళ ఏనుగు చెవిలా పడింది. కిందినుంచి ఆమెకు ఎలా కనబడిందో!

"సన్నగ పొయ్యే! గరిటె వంచకు, తిప్పు!"

"తిప్పుతున్న అత్తమ్మా!"

"ఎండ ఉన్నదా?"

"మస్తున్నది!"

తర్వాత గొంతు తగ్గించి ఆటో ఆయనతో అంటోంది, "ఈ ఏడు మా కోడలు పోస్తున్నది." గొంతు తగ్గించినా మిద్దెమీదికి వినబడేంతే తగ్గించింది. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి, పిండి ఆవిరికి అనుకున్నాను.

నాలుగు రోజులకు ఎండినవి వేయించి ఒక పళ్ళెంలో కిందికి తీసుకెళ్ళాను. కల్లూరు డబ్బా మళ్ళీ వచ్చి ఉంది, ఖాళీగా. అది నింపటమా వద్దా అన్నది ఈ పళ్ళెం మీద ఉంది. అత్త ఒకటి తీసి విరిచి సగం రాయి ముందు పెట్టింది, సగం నోట్లో వేసుకుంది. కళ్ళు మూసుకుని నమిలింది. పూలామె పూలు కట్టటం ఆపి ఆమెనే చూసింది. నేను కొంగు కొస మెలిపెడుతూ నిలబడ్డాను.

"ఉప్పు తక్కువైంది," అని, పళ్ళెంలోంచి ఇంకొకటి తీసుకుంది.